పెన్న పుట్టింట్లో రొయ్యపిల్ల

కర్ణాటకలోని నంది కొండల వరుసలో పుట్టిన ఉత్తర పినాకిని, అంటే పెన్న, గౌరిబిదనూరు పొలాల పక్కగా నడిచి, హిందూపురం వైపు ఆంధ్ర నేలలో అడుగుపెట్టి, అనంతపురం, కడప సీమలు దాటి, మొత్తం 597 కిలోమీటర్లు ప్రయాణించి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. బాగేపల్లి పక్కన పారే చిత్రావతీ, ఆ కొండల్లోనే పుట్టిన పాపాగ్నీ చివరికి చేరేది పెన్నలోకే. అంటే గౌరిబిదనూరు, బాగేపల్లి నేలల మీద కురిసి పారే నీటికి నెల్లూరు తీరం అత్తవారిల్లు. ఆ తీరంలో రొయ్య ఒక పంట. వరి ఎంత తెలుసో రొయ్య అంత తెలిసిన ఊళ్ళున్నాయి అక్కడ.

ఈ అధ్యాయం నదికి ఎదురు నడుస్తుంది. సముద్రపు అంచున గుడ్డు పగిలి బయటపడిన మంచినీటి రొయ్యపిల్ల, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న గౌరిబిదనూరు చెరువుకో, పొలంలో వాననీరు పట్టే కుంట, అంటే కృషి హొండకో చేరితే ఏమవుతుంది? అక్కడి నీరు దానికి సరిపడుతుందా? ఈ ప్రశ్నకు జవాబులో ఎక్కువ భాగం ఒకే ఒక్క కొలతలో ఉంది. అది నీటి వేడి. పీఠభూమి రైతు రొయ్యపిల్ల వయసును రోజుల్లో లెక్కపెడితే నష్టపోతాడు. అది ఎంత వెచ్చదనంలో ఎన్నాళ్ళు గడిపిందో లెక్కపెడితే నిలబడతాడు.

గుల్ల విడిచే లెక్క

మన కథానాయిక శాస్త్రనామం మాక్రోబ్రాకియం రోజెన్‌బర్గై. కోస్తా రైతులు నీలకంఠ రొయ్య అంటారు. వ్యాపారుల నోట అది స్కాంపి. మంచినీటి రొయ్యల జాతుల్లో అతి పెద్దవాటిలో ఇదొకటి. బాగా ఎదిగిన మగరొయ్య పొడవాటి నీలపు కొండిచేతులు చాచి చెరువు అడుగున తన చోటు కాచుకుంటుంది.

మన ఒంటి వేడి ఎండాకాలమైనా చలికాలమైనా 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. దాన్ని నిలబెట్టడానికి మనం తిన్న తిండిలో పెద్ద భాగం ఖర్చయిపోతుంది. రొయ్యకు ఆ ఏర్పాటు లేదు. నీరు ఎంత వేడిగా ఉంటే దాని ఒళ్ళూ అంతే వేడి. తిండి అరిగించే ఎంజైములు, కండ కట్టే రసాయన చర్యలు, గుండె కొట్టుకునే వేగం, అన్నీ ఆ వేడిని బట్టే నడుస్తాయి. జీవులకు సరిపడే హద్దుల్లో వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం దాదాపు రెండింతలవుతుందని జీవశాస్త్రంలో ఒక స్థూలమైన లెక్క ఉంది. 30 డిగ్రీల నీటిలో ఒక రోజు బతికిన రొయ్యపిల్లకూ, 20 డిగ్రీల నీటిలో ఒక రోజు బతికిన రొయ్యపిల్లకూ క్యాలెండరులో వయసు ఒకటే. లోపల జరిగిన పని మాత్రం ఒకటి కాదు.

ఈ తేడా బయటికి కనపడేది గుల్ల విడిచేటప్పుడు. రొయ్య ఒంటికి సాగని గట్టి గుల్ల ఉంటుంది. ఎదగాలంటే పాత గుల్ల విడిచి, లోపలి మెత్తటి కొత్త గుల్లలోకి నీరు పీల్చుకుని ఉబ్బి, అది గట్టిపడేదాకా ఆగాలి. కాబట్టి రొయ్య ఎదుగుదల మెట్లుమెట్లుగా సాగుతుంది. పిల్లదశలో మెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. పెద్దయ్యేకొద్దీ దూరమవుతాయి. నీరు చల్లబడితే రెండు మెట్ల మధ్య ఎడం సాగిపోతుంది. మేత తినడం తగ్గుతుంది. రైతు అలవాటు ప్రకారం వేసిన మేత అడుగున మిగిలి కుళ్ళుతుంది. గుల్ల విడిచిన గంటల్లో రొయ్య మెత్తగా, నిస్సహాయంగా ఉంటుంది కాబట్టి తోటి రొయ్యలకే ఆహారమయ్యే ప్రమాదం కూడా అప్పుడే. కొన్ని పిల్లలు త్వరగా, కొన్ని ఆలస్యంగా గుల్ల విడిస్తే పెద్దా చిన్నా తేడాలు పెరిగి ఆ నష్టం ఎక్కువవుతుంది.

పెనాంగ్‌లో తెలిసిన రహస్యం

రొయ్యపిల్లకు ఏం కావాలో మనిషికి తెలిసి ఇంకా డెబ్బై ఏళ్ళు కాలేదు. షావో వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తరఫున మలేసియాలోని పెనాంగ్‌లో పనిచేస్తూ మంచినీటి రొయ్య గుడ్లను పొదిగించేవాడు. పిల్లలు పుట్టేవి, కొద్ది రోజుల్లో చచ్చిపోయేవి. ఎన్ని తిళ్ళు పెట్టినా నిలవలేదు. చివరికి చేతికందిన వంటింటి సరుకులన్నీ ప్రయత్నిస్తూ సోయా సాస్ చుక్కలు వేస్తే ఆ పిల్లలు బతికాయని చెబుతారు. వాటికి కావలసింది అందులోని ఉప్పు. 1961 ప్రాంతంలో తేలిన ఈ సంగతితో మంచినీటి రొయ్య బాల్యం ఉప్పు కలిసిన నీటిలో గడవాలని స్పష్టమైంది. తరువాత హవాయిలో తకుజి ఫుజిమురా 1965లో మలేసియా నుంచి తల్లిరొయ్యలను తెప్పించి, పిల్లలను పెద్ద ఎత్తున పెంచే పద్ధతిని రూపొందించాడు. నేటి హేచరీలన్నీ ఆ ఇద్దరి వారసత్వమే.

నదిలో అయితే ఈ కథ ఇలా సాగుతుంది. తల్లిరొయ్య గుడ్లను పొట్ట కింద అంటిపెట్టుకుని నదీముఖం వైపు దిగుతుంది. 28 డిగ్రీల నీటిలో సుమారు 20 రోజులకు గుడ్లు పొదుగుతాయి. మొదట్లో నారింజ రంగులో ఉన్న గుడ్లు పొదిగే ముందు బూడిదరంగుకు తిరుగుతాయి. పుట్టిన డింభకం తలకిందులుగా, తోక ముందుకు పెట్టి ఈదుతుంది. లింగ్ దాని ఎదుగుదలను 8 దశలుగా వర్ణిస్తే, జపాన్‌లో ఊనో, క్వాన్ 1969లో ఇంకా సూక్ష్మంగా చూసి 11 దశలుగా విడదీశారు. ఆ దశలన్నీ దాటాక అది ఒక్కసారిగా రూపు మార్చుకుని, సెంటీమీటరు కూడా లేని చిట్టి రొయ్యగా మారి, ముందుకు ఈదడం, అడుగున పాకడం మొదలుపెడుతుంది. అప్పుడిక ఉప్పు అక్కర్లేదు. నదికి ఎదురెక్కుతుంది.

గౌరిబిదనూరు దగ్గర పెన్నలో ఈ రొయ్య తనంతట తాను ఎందుకు కనపడదో దీన్ని బట్టి తెలుస్తుంది. వందల కిలోమీటర్ల దూరం, మధ్యలో ఆనకట్టలు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిన ఇసుక దాటి ఆ చిట్టిప్రాణి రాలేదు. రావాలంటే తీరంలోని హేచరీ నుంచి బండిలో రావాలి.

ఒక్కో డిగ్రీ విలువ

హేచరీల్లో డింభకాలను లీటరుకు సుమారు 12 గ్రాముల ఉప్పున్న నీటిలో, 28 నుంచి 31 డిగ్రీల వేడిలో పెంచుతారు. ఈ వేడిలో అవి మూడు నుంచి అయిదు వారాల్లో పిల్లలుగా మారతాయి. నీరు 24–26 డిగ్రీల కన్నా దిగితే ఎదుగుదల కుంటుపడి ఆ గడువు సాగుతుంది. 33 డిగ్రీలు దాటితే చావులు మొదలవుతాయి. అంటే ఈ పసిప్రాణానికి హాయిగా ఉండే మేర నాలుగు డిగ్రీల వెడల్పు కూడా లేదు.

గడువు సాగడం వల్ల పోయేదేమిటి, నాలుగు రోజులు ఆగితే సరిపోదా అనిపించవచ్చు. ఆగిన ప్రతి రోజూ డింభకాలకు ఆర్టీమియా వంటి ఖరీదైన జీవాహారం పెట్టాలి, నీరు మార్చాలి, బాక్టీరియా, బూజుల బారిన పడకుండా కాపాడాలి. ఒకే తొట్టిలో కొన్ని ముందే మారిపోయి, కొన్ని ఇంకా ఈదుతుంటే పెద్దవి చిన్నవాటిని తింటాయి.

పిల్లదశ దాటి చెరువులో పెరిగే రొయ్యకు హద్దులు కాస్త విశాలమవుతాయి. 25 నుంచి 32 డిగ్రీల మధ్య అది బాగా పెరుగుతుంది. 29–31 అత్యుత్తమం. 14 డిగ్రీల కిందా, 35 డిగ్రీల పైనా సాధారణంగా బతకదు. ఈ హద్దుల మధ్య ఉన్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. 18 డిగ్రీల నీటిలో రొయ్య చావకపోవచ్చు. పెరగదు, సరిగా తినదు, జబ్బుకు తేలిగ్గా లొంగుతుంది.

నెల్లూరులో జనవరి రాత్రి గాలి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దగ్గర ఆగుతుంది. గౌరిబిదనూరు మైదానంలో అదే నెల తెల్లవారుజామున అది 15 డిగ్రీల దాకా దిగుతుంది. గాలి దిగినంతగా నీరు దిగదు. అయినా రొయ్యపిల్ల హాయి హద్దుకు చాలా కిందికి వస్తుంది. పీఠభూమిలో రొయ్యకు మొదటి శత్రువు ఈ చలికాలమే.

వేడెక్కిన నీటిలో ఊపిరి

వెచ్చదనం మంచిదైతే ఎక్కువ వెచ్చదనం ఇంకా మంచిది కదా అనుకుంటే అక్కడే దెబ్బ తింటాం. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. సముద్రమట్టంలో 20 డిగ్రీల మంచినీరు లీటరుకు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు. 30 డిగ్రీల దగ్గర అది 7.6కు పడిపోతుంది. వేడిలో రొయ్య ఒళ్ళు వేగంగా పనిచేస్తుంది కాబట్టి దానికి కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. ఒకవైపు రాబడి తగ్గి, మరోవైపు ఖర్చు పెరుగుతుంది.

పీఠభూమిలో ఇంకో తగ్గింపు ఉంది. 700 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు 92 శాతమే. ఆక్సిజన్ కరగడం ఆ ఒత్తిడిని బట్టే జరుగుతుంది. కాబట్టి నెల్లూరులో 7.6 దొరికే చోట గౌరిబిదనూరులో అదే 30 డిగ్రీల నీటిలో 7 మాత్రమే దొరుకుతుంది. ఇది నీరు పట్టగలిగిన గరిష్ఠ పరిమాణం. రాత్రంతా పచ్చటి నాచు, అడుగు బురద, చేపలు, రొయ్యలు కలిసి దాన్ని ఖర్చుచేశాక తెల్లవారుజామున మిగిలేది ఎంతో తక్కువ. ఎండాకాలపు తెల్లవారుజామున రొయ్యలు గట్టు వెంట నీటి పైకి చేరితే అది ఊపిరాడని లక్షణం. వెంటనే నీటికి గాలి కలిపే ఏరియేటరు తిప్పాలి.

అమ్మోనియాదీ ఇదే దారి. రొయ్య విసర్జనలో, కుళ్ళిన మేతలో పుట్టే అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయని అయాన్ రూపం. రెండోది మొప్పల గుండా ఒంట్లోకి దూరే విషరూపం. పిహెచ్ 8 ఉన్న నీటిలో 20 డిగ్రీల దగ్గర మొత్తం అమ్మోనియాలో సుమారు 4 శాతం విషరూపంలో ఉంటే, 30 డిగ్రీల దగ్గర అది 7.5 శాతం అవుతుంది. సాయంత్రానికి నాచు వల్ల పిహెచ్ 9కి ఎగబాకితే 30 డిగ్రీల దగ్గర ఆ వాటా 40 శాతం దాటిపోతుంది. మేత ఎక్కువ వేసిన చెరువులో మే నెల మధ్యాహ్నం వేడీ, పెరిగిన పిహెచ్ రెండూ ఒక్కసారే మీద పడతాయి. ఇప్పుడు గౌరిబిదనూరు ఉన్న చిక్కబళ్ళాపురం జిల్లాలోని కొన్ని చెరువులను బెంగళూరు హెబ్బాళ, నాగవార లోయల నుంచి శుద్ధిచేసి పంపిన నీటితో నింపుతున్నారు. అలాంటి నీటిని వాడాలనుకునే రైతు అమ్మోనియా, ఆక్సిజన్ పరీక్షలు చేయించకుండా రొయ్యపిల్లను వదలకూడదు.

అలవాటు పడ్డ ఒళ్ళు

ముంబైలోని కేంద్రీయ మత్స్య విద్యాసంస్థ శాస్త్రవేత్తలు ఈ రొయ్యపిల్లలను 25, 30, 35 డిగ్రీల నీళ్ళలో విడివిడిగా అలవాటు చేసి, ఆ తరువాత అవి ఎంత వేడిని, ఎంత చలిని తట్టుకుంటాయో చూసి 2004లో ఫలితాలు ప్రచురించారు. వేడి నీటికి అలవాటు పడినవి ఇంకా ఎక్కువ వేడిని తట్టుకున్నాయి. అయితే చలిని తట్టుకునే శక్తి వాటిలో తగ్గింది. అలవాటు ఒక చేత ఇచ్చి ఇంకో చేత తీసుకుంటుంది.

తీరం నుంచి పిల్లలను తెచ్చుకునే గౌరిబిదనూరు రైతుకు దీనికన్నా ముఖ్యమైన సంగతి లేదు. హేచరీలో 30 డిగ్రీల నీటిలో పుట్టి పెరిగిన పిల్ల చలిని ఎదుర్కోవడానికి సిద్ధంగా ఉండదు. దాన్ని సంచిలోంచి తీసి 22 డిగ్రీల చెరువులో ఒక్కసారిగా కుమ్మరిస్తే ఆ క్షణాన ఈదుతూ కనిపించినా తరువాతి రోజుల్లో రాలిపోతుంది. మొప్పల గుండా లవణాల రాకపోకలను సరిచూసుకునే యంత్రాంగం ఆ కుదుపుకు తడబడుతుంది.

అందుకే పిల్లల రవాణాకు కొన్ని పద్ధతులు స్థిరపడ్డాయి. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో, దారిలో అవి తక్కువ ఊపిరి తీసుకునేలా నీటిని నెమ్మదిగా చల్లబరిచి తెస్తారు. చెరువు చేరాక సంచులను మూతి విప్పకుండా నీటి మీద కనీసం పావుగంట తేలనిస్తారు. తరువాత మూతి విప్పి చెరువు నీరు కొద్దికొద్దిగా కలుపుతూ, లోపలా బయటా వేడి ఒకటయ్యాకే పిల్లలను వదులుతారు. తేడా ఎక్కువుంటే పావుగంట చాలదు. తెల్లవారాక ఎండ ముదరకముందో, సాయంత్రం చల్లబడ్డాకో వదలాలి. ఈ గంట ఓపిక మీద మొత్తం పంట ఆధారపడుతుంది.

కృషి హొండలో పగలు, రాత్రి

కర్ణాటకలో 2014లో మొదలైన కృషి భాగ్య పథకంతో ఈ మెట్టసీమలో వాననీరు పట్టుకునే కృషి హొండలు చాలా వచ్చాయి. ప్లాస్టిక్ పట్టా పరిచిన ఈ గుంటల్లో నీరు ఇంకిపోదు. చేపలు వేసినవాళ్ళూ ఉన్నారు. అయితే హొండ నీటి ఉష్ణోగ్రత పెద్ద చెరువు నీటిలా ప్రవర్తించదు. చిన్న నీరు త్వరగా కాగుతుంది, త్వరగా చల్లారుతుంది. నల్లటి పట్టా ఎండను పీల్చుకుంటుంది. మధ్యాహ్నం పై నీరు తేలికై పైనే నిలిచిపోతుంది. కింది చల్లని నీటితో కలవదు. పైన నాచు తయారుచేసిన ఆక్సిజన్ అడుక్కి దిగదు. రొయ్య ఉండేది అడుగునే.

ఈ పొరలు రాత్రి చల్లదనానికి నెమ్మదిగా కలిస్తే మేలే. రోహిణి కార్తె వేడి తరువాత ఒక్కసారిగా పెద్ద వాన పడితే మాత్రం ప్రమాదం. చల్లని వాననీరు బరువుగా కిందికి దిగి, అడుగున పేరుకున్న కుళ్ళునూ, ఆక్సిజన్ లేని నీటినీ పైకి తిరగేస్తుంది. ఆ రాత్రి రొయ్యలకు గడ్డురాత్రి. పగలు కాసేపు ఏరియేటరు తిప్పి పొరలను రోజూ కలుపుతూ ఉంటే ఈ కుదుపు తగ్గుతుంది. పట్టా గోడలు జారుడుగా ఉంటాయి కాబట్టి రొయ్య పట్టుకుని నిలబడటానికి, గుల్ల విడిచినప్పుడు దాక్కోవడానికి పాత వలలు, కొమ్మలు వేయాలి.

బోరునీరు కూడా ఇక్కడ పనికొచ్చే వనరు. భూగర్భజలం వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటు గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా, లోతును బట్టి ఇంకొంచెం ఎక్కువగా ఉంటుంది. కాబట్టి చలికాలపు ఉదయం బోరునీరు చెరువు నీటికన్నా వెచ్చన. ఎండాకాలం మధ్యాహ్నం చల్లన. కానీ అందులో ఆక్సిజన్ దాదాపు ఉండదు. చెరువులో పడేముందు గాలిలో చిలకరించాలి. ఈ ప్రాంతపు రాతినేలలో నీరు కఠినంగా ఉండే బోర్లు ఎక్కువ. మరీ కఠినమైన నీటిలో రొయ్య గుల్ల మీద సున్నపు పొర పేరుకుని ఎదుగుదల తగ్గుతుంది. పరీక్ష చేయించాకే వాడాలి.

వానకూ వెచ్చదనానికీ కుదరని పొత్తు

ఈ సీమ అసలు చిక్కు ఇక్కడుంది. గౌరిబిదనూరులో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో పెద్ద భాగం ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వస్తుంది. హస్త, చిత్త కార్తెల్లో హొండ నిండేసరికి కార్తీకం చలి వాకిట్లో ఉంటుంది. రొయ్యపిల్లకు నచ్చే వెచ్చదనం ఉన్న మార్చి, ఏప్రిల్ నెలల్లో హొండ అడుగంటుతుంది. నీరున్నప్పుడు వెచ్చదనం తగ్గుతుంది, వెచ్చదనం ఉన్నప్పుడు నీరుండదు. నీరు వచ్చాక సెప్టెంబరులో సెంటీమీటరు పిల్లలను వదిలితే అవి ఎదగడానికి రెండు మంచి నెలలే దొరుకుతాయి. ఆ తరువాత చలి.

ఈ చిక్కును అమెరికాలో కెంటకీ, మిసిసిపీ రైతులు ఇంతకన్నా తీవ్రంగా ఎదుర్కొన్నారు. అక్కడ చలికాలంలో రొయ్య బతికే ప్రశ్నే లేదు. వాళ్ళు పిల్లలను దాదాపు రెండు నెలలు లోపలి తొట్లలో వెచ్చగా పెంచి, చెరువు నీరు తెల్లవారుజామున కూడా 20 డిగ్రీల కిందికి దిగని రోజులు వచ్చాకే బయటికి వదులుతారు. నాలుగు నెలలు పెంచి చలి ముదరకముందే పట్టేస్తారు. ఒక ఆసక్తికరమైన సంగతిని కూడా కెంటకీ పరిశోధకులు ముందుకు తెచ్చారు. 25–28 డిగ్రీల ఓ మోస్తరు చల్లని నీటిలో ఆడరొయ్యలు గుడ్ల దశకు ఆలస్యంగా చేరతాయి కాబట్టి, గుడ్లకు పోవలసిన శక్తి ఒళ్ళు పెరగడానికి మిగులుతుందని వాళ్ళ అభిప్రాయం. పీఠభూమి వానాకాలపు నీరు ఆ మేరకు దగ్గరగా ఉంటుంది. అంటే కాస్త పెరిగిన రొయ్యకు మన వాతావరణం శత్రువేమీ కాదు. శత్రుత్వం పసిపిల్లతోనే.

చాకీ గది నేర్పిన పాఠం

పసిదశను వేరుగా, వెచ్చగా సాకడం ఈ సీమకు కొత్త విద్య కాదు. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టుకు సరుకు తీసుకెళ్ళే ఏ రైతునడిగినా చెబుతాడు. పట్టుపురుగు పసిదశను చాకీ గదిలో 27–28 డిగ్రీల వేడిలో, తగినంత తేమలో సాకాలి. రెండో జ్వరం, అంటే రెండోసారి పొర విడిచే దశ, దాటాక పెద్దపురుగుకు 24–25 డిగ్రీలే హాయి. అందుకే చాలామంది రైతులు చాకీ కేంద్రంలో సాకిన పురుగులనే కొని తెచ్చుకుంటారు. రొయ్యా పట్టుపురుగూ కీళ్ళకాళ్ళ జీవులే. రెండూ పాత పొర విడుస్తూ మెట్లుమెట్లుగా ఎదుగుతాయి. రెండింటికీ పసితనంలో వేడి ఎక్కువ కావాలి, పెద్దయ్యాక కొంత తగ్గినా తట్టుకుంటాయి. చాకీ నడిపిన చేతులు రొయ్యపిల్ల నర్సరీని కూడా నడపగలవు.

లెక్క చూద్దాం. 10 మీటర్ల పొడవు, వెడల్పులతో, సగటున 2 మీటర్ల లోతు నీరున్న హొండలో 200 ఘనమీటర్ల నీరుంటుంది. దాన్ని 4 డిగ్రీలు వేడెక్కించాలంటే సుమారు 930 యూనిట్ల కరెంటు కావాలి. అది ఏ రైతుకూ సాధ్యం కాదు. అదే 1,000 లీటర్ల తొట్టిని 4 డిగ్రీలు వేడెక్కించడానికి 5 యూనిట్ల కన్నా తక్కువే చాలు. ఆ తొట్టిలో లీటరుకు ఒక పిల్ల చొప్పున వెయ్యి పిల్లలను గాలి పెడుతూ, నీరు మారుస్తూ సాకవచ్చు. చదరపు మీటరుకు మూడు చొప్పున వదిలితే అలాంటి మూడు హొండలకు ఆ పిల్లలు సరిపోతాయి. పెద్ద నీటిని వేడెక్కించలేం. పిల్లలు పసివిగా ఉన్నప్పుడు వాటికి పెద్ద నీరే అక్కర్లేదు.

ఆ తొట్టి వేడిని నిలబెట్టుకోవడానికి ఒక భౌతికశాస్త్ర సూత్రం సాయపడుతుంది. ఒక లీటరు నీరు ఆవిరవడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఆ వేడిని అది తొట్టిలోని నీటి నుంచే తీసుకుంటుంది. అంటే వెయ్యి లీటర్ల తొట్టిలో ఒక్క లీటరు ఆవిరైతే మిగతా నీరంతా అర డిగ్రీకి పైగా చల్లబడుతుంది. పీఠభూమి పొడిగాలిలో చదరపు మీటరు నీటి ముఖం నుంచి రోజుకు అయిదు లీటర్లు పోతే దాదాపు 3 డిగ్రీల వేడి పోయినట్టే. రాత్రి తొట్టి మీద పలుచని ప్లాస్టిక్ పట్టా కప్పితే ఆ నష్టంలో చాలా భాగం ఆగుతుంది. తొట్టి చుట్టూ గడ్డి, గోనెసంచులు కడితే ఇంకొంత నిలుస్తుంది. గాలి కోసం చిన్న పంపు మాత్రం ఆగకూడదు. హీటరుకన్నా ఈ కప్పే ఎక్కువ పని చేస్తుంది.

దీంతో రెండు క్యాలెండర్లు కుదురుతాయి. సొంత బోరు ఉన్న రైతు ఫిబ్రవరిలో పిల్లలు తెచ్చి, రెండు నెలలు తొట్టిలో వెచ్చగా సాకి, ఏప్రిల్‌లో చెరువులో వదిలి, చలి రాకముందే తీరిగ్గా పట్టుకోవచ్చు. వాననీటి మీదే ఆధారపడిన రైతు మే చివరిలో పిల్లలు తెచ్చుకోవాలి. అప్పుడు తొట్టికి వేడి అక్కర్లేదు, నీడ కావాలి. తడిక కిందో తాటాకు పందిరి కిందో నీరు 32 డిగ్రీలు దాటకుండా చూస్తే చాలు. ఆగస్టు వానలకు హొండలో నీరు చేరేసరికి ఆ పిల్లలు గ్రాముకు దగ్గరగా ఎదిగి, గట్టిపడి ఉంటాయి. ఆగస్టు నుంచి నవంబరు దాకా దొరికే నాలుగు నెలలు వాటికి సరిపోతాయి. తొట్టిలో గడిచిన ఆ రెండు నెలలే వానకూ వెచ్చదనానికీ మధ్య వంతెన. పై నీటిలో బొచ్చె, రోహు పెంచుతూ అడుగున రొయ్య వేసుకుంటే హొండ మొత్తం ఉపయోగపడుతుంది. అడుగున మేసే బంగారుతీగ వంటి చేపలు మాత్రం ఆ జతకు తగవు.

నెల్లూరు అనుభవం

వేడి ఒక్కటే సరిచూసుకుంటే చాలని చెప్పడం తీరప్రాంతపు అనుభవాన్ని మరచిపోవడమే. 2005–06లో దేశంలో స్కాంపి ఉత్పత్తి 40 వేల టన్నులు దాటింది. నెల్లూరు సహా ఆంధ్ర కోస్తాయే అందులో ముందుంది. మరో అయిదేళ్ళకల్లా అది పది వేల టన్నుల కన్నా దిగువకు పడిపోయింది. తరతరాలుగా అవే తల్లిరొయ్యల నుంచి పిల్లలు తీయడం వల్ల విత్తనం నీరసించింది. నోడావైరస్ తెచ్చే తెల్లతోక జబ్బు హేచరీల్లో పిల్లలను ఊడ్చేసింది. 2009లో అనుమతి పొందిన వెనామీ రొయ్య రైతులను తనవైపు లాగేసుకుంది. ఆ పతనం తరువాత భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలోని కేంద్రీయ మంచినీటి జలచరాల పెంపక సంస్థ గుజరాత్, కేరళ, ఒడిశా నదుల రొయ్యలను కలిపి, తరతరాలుగా ఎంపికచేస్తూ మేలురకం స్కాంపిని తయారుచేసింది. ఆ సంస్థకు బెంగళూరు దగ్గర హెసరఘట్టలోనూ ప్రాంతీయ కేంద్రం ఉంది. గౌరిబిదనూరు రైతుకు అది బస్సు దూరం.

పిల్లలు కొనేటప్పుడు జబ్బు పరీక్ష జరిగిందో లేదో అడగడం, తోకకండ తెల్లగా మారినవాటిని నిరాకరించడం రైతు హక్కు. చలికి నలిగిన పిల్ల జబ్బుకు ముందుగా లొంగుతుంది కాబట్టి వెచ్చదనం కూడా ఒక రక్షణే. అయితే అది చెడ్డ విత్తనాన్ని మంచి విత్తనంగా మార్చలేదు.

కొలిచే అలవాటు

గౌరిబిదనూరు కొలతల ఊరు. భూమి కంపనాలను పట్టే పరికరాల వరుస 1960ల నుంచి ఇక్కడుంది. సూర్యుడి నుంచి వచ్చే రేడియో తరంగాలను 1970ల నుంచి ఇక్కడి పొలాల మధ్య నిలబడ్డ యాంటెనాలు వింటున్నాయి. అంత దూరాల సంగతులు కొలుస్తున్న ఊళ్ళో చెరువు నీటి వేడిని కొలవడానికి కావలసింది ఒక మామూలు థర్మామీటరు, ఒక తాడు, ఒక నోటుపుస్తకం.

తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, పైనా అడుగునా కొలవాలి. రోజుకు నాలుగు అంకెలు. తెల్లవారుజాము అంకె పిల్లలను ఎప్పుడు వదలాలో, ఎప్పుడు పట్టాలో చెబుతుంది. మధ్యాహ్నం పైకీ కిందికీ ఉన్న తేడా ఏరియేటరు ఎప్పుడు తిప్పాలో చెబుతుంది. నీరు 24 కన్నా దిగిన రోజుల్లో మేత తగ్గించాలని, 32 దాటిన రోజుల్లో మధ్యాహ్నపు మేత మానాలని అవే అంకెలు గుర్తుచేస్తాయి. ఒక ఏడాది అంకెలుంటే తన హొండకు రొయ్య సరిపడుతుందో లేదో రైతు పిల్లలు కొనకముందే తేల్చుకోగలడు. సరిపడదని తేలినా అది లాభమే, అప్పు చేయకుండా తప్పించుకున్నట్టే. పది ఊళ్ళ రైతులు తమ పుస్తకాలను ఒకచోట పెడితే ఈ సీమకు తనదైన రొయ్య క్యాలెండరు తయారవుతుంది. చాకీ కేంద్రాల పక్కనే రొయ్యపిల్లల నర్సరీని నెలకొల్పే ఆలోచనను మత్స్యశాఖ ముందు పెట్టడానికి అంతకన్నా బలమైన ఆధారం ఉండదు. ఆ పని మొదలుపెట్టడానికి వాన కోసమో, పథకం కోసమో ఎదురుచూడనక్కర్లేదు. ఇప్పుడు హొండలో ఎంత నీరుంటే అంత నీటిలోనే మొదటి కొలత తీయవచ్చు.